చీటీ డబ్బుతో పాత స్ట్రాటోకాస్టర్

"నలభై ఐదు దాటాయి, ఇంటి లోను తీరింది, నా కోసమని ఒక పాత ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కోవాలనుంది, తిరుపతిలో చూపించుకునే మనిషి లేడు, ఏం చూసి కొనాలి?" అని అడిగారు. రెండేళ్ల కిందట నాదీ ఇదే పరిస్థితి. నేను చేసిన పొరపాటుతో సహా చెబుతాను.

మాదీ తిరుపతే, కొర్లగుంట. రెండు లక్షల చీటీ ఎత్తాను. మా ఆవిడ గాజులనుకుంది, నేను 1980లలో జపాన్‌లో చేసిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అనుకున్నాను. ఫెండర్ అంటే అమెరికా గిటార్ కంపెనీ, స్ట్రాటోకాస్టర్ దాని ఎలక్ట్రిక్ గిటార్. "ఆ డబ్బుకు కొత్తదే వస్తుంది కదా, ఎవరో వాయించి వదిలేసిన కొయ్య ఎందుకు?" అంది. నిజమే, వస్తుంది. యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నప్పుడు ఒక సీనియర్ తన గిటార్ ఒక్క సాయంత్రం నా చేతికిచ్చాడు. బాగా అరిగి నున్నబడ్డ ఆ మెడను ముప్పై ఏళ్లయినా అరచెయ్యి మరిచిపోలేదు. ఇదీ ఒక జవాబేనా అంటే నేనేం చెప్పను. చివరికి గాజులూ వచ్చాయి, గిటారూ వచ్చింది, బ్యాంకులో మాత్రం ఏమీ మిగల్లేదు.

అసలు 1954లో మొదలైన తొలి స్ట్రాటోకాస్టర్ల ధర మనబోటి వాళ్లకు అందేది కాదు, ఆశ పెట్టుకోకండి. పైగా 1960ల తొలినాళ్ల వాటికి మెడ మీద బ్రెజిల్ రోజ్‌వుడ్ పట్టీ ఉంటుంది. 1992 నుంచి ఆ చెట్టు సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, కాగితాలు లేకుండా సరిహద్దు దాటదు. ఎర్రచందనం ఊళ్లో ఉంటూ ఆ గొడవ మీకు నేను వివరించక్కర్లేదు. జపాన్‌వి నయం. ఫెండర్ వాళ్లు 1982లో అక్కడ ఫుజిజెన్ ఫ్యాక్టరీలో తమ 1957, 1962 మోడళ్లనే మళ్లీ చేయించడం మొదలుపెట్టారు. మొదటి రెండేళ్లవి 'JV' అనే అక్షరాలతో, 1984 నుంచి 87 దాకా చేసినవి 'E' అనే అక్షరంతో నంబరు వేసుకుని ఉంటాయి. ఆ కాలంలో అమెరికా వాటికీ 'E' అక్షరం వాడారు కాబట్టి నంబరు ఒక్కటే నమ్మొద్దు, మెడ మీద 'మేడ్ ఇన్ జపాన్' కనబడాలి.

ఇప్పుడు నా పొరపాటు. 82 వేలు పెట్టి, ఫోటోలు చూసి, కొరియర్‌లో తెప్పించాను. అమ్మినవాడు ముందు వైపు ఫోటోలు పన్నెండు పంపాడు, మెడను పక్కనుంచి తీసింది ఒక్కటీ లేదు. నేను అడగనూ లేదు. పెట్టె తెరిస్తే పాత బీరువా వాసన, సన్‌బర్స్ట్ రంగు (అంచుల్లో ముదురు, మధ్యలో లేత) తేనెలా మెరుస్తోంది. తంతి నొక్కితే మాత్రం వేలు లోయలోకి దిగినట్టుంది. తలవైపు నుంచి ఒక కన్ను మూసి చూస్తే మెడ విల్లులా వంగి ఉంది. మెడ వంపును సరిచేసే లోపలి ఇనుప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, బిగిద్దామంటే, ఈ పాత తరహా వాటికి దాని నట్టు మెడ మడమ దగ్గర, గిటార్ ఒంట్లోకి దూరి ఉంటుంది. మెడ విప్పితే తప్ప తిరగదు. విప్పాను. అప్పటికే చివరిదాకా బిగించేసి ఉంది. అంటే అమ్మినవాడికి అంతా తెలుసన్నమాట.

సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసుకు రెండుసార్లు తిప్పాను. అక్కడి మెకానిక్ నట్టు కింద ఒక చిన్న వాషర్ వేశాడు, రాడ్‌కు మళ్లీ కాస్త పట్టు దొరికింది. అరిగిన ఫ్రెట్లు (మెడ మీది లోహపు మెట్లు) పీకి కొత్తవి కొట్టాడు. వీణకు మెట్లు లేచిపోతే మైనం కరిగించి మళ్లీ కూర్చోబెడతారు. ఇక్కడ ఆ సుఖం లేదు, ఒక్కొక్కటీ గాడిలోంచి ఊడదీసి కొట్టాల్సిందే. అంతా కలిపి 11 వేలయింది.

అందుకే నా మాట: రంగు, గీతలు, అసలు పెట్టె ఉందా లేదా, ఇవన్నీ దాచుకునేవాళ్ల బెంగలు. మీరు వాయించుకునేవాళ్లు, మెడ చూడండి. చివరి లావు తంతిని మొదటి ఫ్రెట్ మీద ఒక వేలితో, మెడా ఒళ్లూ కలిసే చోట ఇంకో వేలితో నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే బాగున్నట్టు. అగ్గిపుల్ల దూరితే ఆ ధరకు వద్దనండి. తర్వాత ఆరు తంతులనూ ప్రతి ఫ్రెట్‌లో ఒక్కొక్కసారి మీటండి. ఓపిక కావాలి, అమ్మేవాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

అమెరికాది ఏదైనా ఎదురైతే లోపలి వాల్యూమ్ పాట్ (శబ్దం తగ్గించి పెంచే మీట కింది భాగం) వెనక అంకెల ఫోటో అడగండి. 1377633 అని ఉంటే 137 అనేది సీటీఎస్ కంపెనీ గుర్తు, 76 సంవత్సరం, 33 వారం. 1968 నాటి గిటార్ అని చెప్పి ఆ పాట్ చూపిస్తే, అయితే పాట్ మార్చి ఉండాలి, లేదా ఏడాది అబద్ధమై ఉండాలి.

సింగిల్ కాయిల్ పికప్‌లు (తంతి కదలికను కరెంటుగా మార్చే, ఒకే తీగచుట్ట ఉన్న భాగాలు) ట్యూబ్‌లైటు కింద గుయ్యిమంటాయి, దానికి కంగారు పడొద్దు. తంతి మీద చెయ్యి పెడితే ఆ మోత తగ్గాలి. పెరిగినా, చేతికి జివ్వుమన్నా వెంటనే ఆపేసి ఇంట్లో ఎర్త్ సంగతి చూపించండి. గిటార్‌తో పాటు జపాన్ ఆంప్లిఫైయర్ కూడా ఇస్తానంటే వెనక వోల్టేజీ చదవండి. అక్కడిది 100 వోల్టులు, మనది 230. చదవకుండా ప్లగ్ పెట్టి ఫ్యూజు ఎగరగొట్టుకున్న ఘనుడిని నేనే.

కొన్నాక బీరువా పైన, కారులో పెట్టొద్దు. రోహిణి కార్తెకు రోళ్లే పగులుతాయంటారు, మేపుల్ మెడ ఎంత! నేను మే నెలలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి రాడ్ చూసుకుంటాను. మీరు చూస్తున్న దాని ఫోటో తెప్పించుకుంటే, తలవైపు నుంచి ఒళ్లు కనబడేలా తీసిన ఒక్కటి అడగండి. అది పంపడానికి సాకులు చెబితే అక్కడే వదిలేయండి.