నీ కథలో ఒట్టు ఎక్కడుంది?

చి. అమ్మాయికి, ఆశీస్సులు.

స్క్రిప్టు మొత్తం చదివాను. డబ్బింగ్ ఆర్టిస్టు అవుదామని నెల్లూరు నుంచి మద్రాసులో సాలిగ్రామం వచ్చిన అమ్మాయి కథ ఇది. తప్పకుండా రాయాల్సిన కథ. మనవాళ్లు మద్రాసులో ఇంతకాలం బతికిన బతుకు తెర మీద కనిపించింది చాలా తక్కువ. అందుకే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి వదిలేయడం ఇష్టం లేక ఉత్తరం రాస్తున్నాను.

ప్రతి సీను పక్కనా పెన్సిల్‌తో నువ్వు రాసుకున్న గుర్తులు చూశాను. పిలుపు, నిరాకరణ, గురువు, గడప దాటడం... 12 మెట్లూ పేజీ నంబర్లతో సహా ఉన్నాయి. ఆ పద్ధతి నేర్చుకున్నందుకు నిన్ను తప్పు పట్టను. జోసెఫ్ క్యాంప్‌బెల్ రకరకాల దేశాల పురాణాలను పక్కపక్కన పెట్టి చూసి, వీరుడి ప్రయాణాన్ని 17 దశలుగా 1949లో పుస్తకంలో చెప్పాడు. 1980లలో హాలీవుడ్ స్టూడియోలో కథలు చదివి అభిప్రాయం చెప్పే ఉద్యోగంలో ఉన్న క్రిస్టఫర్ వోగ్లర్ దాన్ని 7 పేజీల నోటుగా కుదించాడు. ఆ నోటు పెరిగి 1992లో పుస్తకమైంది. నీ చేతికొచ్చిన 12 మెట్లు అవే.

క్యాంప్‌బెల్ పుస్తకం కూడా ఒకసారి తిరగెయ్యి. అందులో మన ముచికుందుడు ఉన్నాడు. దేవతల తరఫున యుద్ధాలు చేసి అలసిపోయి, నిద్రని వరంగా అడిగి గుహలో పడుకుంటాడే, ఆయన. కాలయవనుడు తన్ని లేపితే ఒక్క చూపుతో బూడిద చేస్తాడు. తర్వాత కృష్ణుడు కనిపిస్తాడు. అయినా ముచికుందుడు రాజ్యానికి తిరిగి వెళ్లడు, తపస్సుకి వెళ్లిపోతాడు. తిరిగి రావడానికి ఒప్పుకోని వీరుడు ఎలా ఉంటాడో చెప్పడానికి క్యాంప్‌బెల్ ఈ కథే ఎత్తుకున్నాడు. 17 దశలు 12కి తగ్గేసరికి ఇలాంటివాళ్లకి చోటు ఇరుకైంది. నీ అమ్మాయి చివర్లో అవార్డు పట్టుకుని నెల్లూరు బస్సు ఎందుకు ఎక్కుతుంది? నాకు ఒక్క కారణమే కనిపించింది, 12వ మెట్టులో తిరిగి వెళ్లాలని ఉంది కాబట్టి. అప్పటికి ఆమెకి ఆ ఊళ్లో పనేమీ మిగల్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మన పురాణాల్లో కథ ఎక్కడ కదులుతుందో గమనించావా? ఎవరో ఒకరు నోరు తెరిచి మాట ఇచ్చిన చోట కదులుతుంది. వరం, శాపం, ప్రతిజ్ఞ. పేరేదైనా ఒకసారి నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకోలేరు.

దేవవ్రతుణ్ణి, అదే భీష్ముణ్ణి తీసుకో. తండ్రి పెళ్లి జరగాలని దాశరాజు ముందు రాజ్యం వద్దన్నాడు, జన్మలో పెళ్లి చేసుకోనన్నాడు. కొడుకుగా గొప్ప పని చేశాడు, దేవతలు పూలు కురిపించారు. కొన్నేళ్లకి విచిత్రవీర్యుడు పిల్లలు లేకుండా పోయాడు. వంశం నిలబెట్టమని సత్యవతే బతిమాలింది. ఎవరి కోసం ఒట్టు పెట్టుకున్నాడో ఆవిడే వదిలెయ్యమంటోంది! ఆయన వదల్లేదు. అంబ బతుకు ఆ ఒట్టుకే తగిలి ముక్కలైంది. ఆ అంబే శిఖండిగా వచ్చి ఆయన్ని అంపశయ్య మీదకి చేర్చింది. దశరథుడు కూడా కైకకి వరాలిచ్చిన రోజు సంతోషంగానే ఉండి ఉంటాడు. మాట ఇచ్చినప్పుడు మంచిదే. ఏళ్లు గడిచాక దాని ఖరీదు తెలుస్తుంది, అదీ ఎక్కువసార్లు వేరేవాళ్లు కట్టాల్సి వస్తుంది. పురాణ నిర్మాణం అని నేననేది దీన్నే.

1957 నాటి మాయాబజార్‌ని ఈ దృష్టితో ఇంకోసారి చూడు. శశిరేఖ పెళ్లి వ్యాస భారతంలో లేదు. పాండవులు తెర మీద కనిపించనే కనిపించరు. అయినా భారతం చూసినట్టే ఉంటుంది. బలరాముడు చెల్లెలు సుభద్రకి ఒక మాట ఇచ్చాడు, తర్వాత దుర్యోధనుడికి ఇంకో మాట ఇచ్చాడు. రెండూ నిలబెట్టలేడు. మిగతా సందడంతా ఆ ఇరుకులోంచే పుట్టింది. ఆ సినిమా తీసిన వాహినీ స్టూడియో వడపళనిలో ఉన్న చోట ఇప్పుడు ఆస్పత్రి, మాల్ వచ్చాయి. నువ్వు ఆఫీసుకి వెళ్లేది ఆ పక్కగానే కదా.

నీ స్క్రిప్టులోనూ ఒక ఒట్టు ఉంది. అది నువ్వే గమనించినట్టు లేవు. 41వ పేజీలో అమ్మ పాత్ర గిన్నెలు సర్దుతూ అంటుంది: "నేను మళ్లీ మైకు ముందు నిలబడనని మీ తాతయ్యకి ఒట్టేశాను." ఒక్క డైలాగు. తర్వాతి సీన్లో అమ్మాయి ఆడిషన్‌కి వెళ్లిపోతుంది, ఆ మాట గురించి ఎవరూ అడగరు. అది చదివాక నేను ముందుకు వెళ్లలేక కాసేపు స్క్రిప్టు పక్కన పెట్టాను. అమ్మ ఒకప్పుడు ఇదే సాలిగ్రామంలో గొంతు అరువిచ్చి బతికిందా? ఎందుకు మానేసింది? ఏ తండ్రి అడుగుతాడు కూతుర్ని అలాంటి ఒట్టు? దానివల్ల ఎవరికి మేలు జరిగింది? నీ పిలుపూ నిరాకరణా అన్నీ ఈ ప్రశ్నల్లోనే ఉన్నాయి.

పాత్రల గురించి కూడా చెప్పాలి. నువ్వు ఒక్కొక్కరికీ ఒక్కో ముద్ర కొట్టేశావు. ఈయన గురువు, ఈమె శత్రువు, ఈ కుర్రాడు మిత్రుడు. వోగ్లర్ కూడా వీటిని ముసుగుల్లా చూడమన్నాడు, ఒకే మనిషి అవసరాన్ని బట్టి ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకోవచ్చని. మన ద్రోణుణ్ణి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. అర్జునుడి కథలో ఆయన గురువు. ఏకలవ్యుడి కథలో బొటనవేలు అడిగిన మనిషి. ద్రోణుడు మారలేదు, ఎవరి వైపు నుంచి చూస్తున్నామన్నదే మారింది. కాబట్టి 'ఇతను ఎవరు' అని అడిగి ఊరుకోకు, 'ఎవరికి ఎవరు' అని అడుగు.

నీ కృష్ణమూర్తి మాస్టారి దగ్గర ఈ ప్రశ్న వేసి చూడు. అమ్మాయికి లూపు (ఒక్కోసారి డబ్బింగ్ చెప్పే సీను ముక్క) పట్టడం, పెదాల కదలికకి మాట అతకడం, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అన్నీ నేర్పిస్తాడు. ఆ సీన్లు నిజంగా బాగున్నాయి, పని తెలిసినవాళ్లు రాసినట్టున్నాయి. అయితే అమ్మ మైకు వదిలేసిన రోజున ఈయన ఎక్కడున్నాడు? ఆమె గొంతు వల్ల వేరే ఎవరికో వేషం దక్కకుండా పోతుంటే, ఈయనే వెళ్లి తాతయ్య చెవిలో నాలుగు మాటలు వేసి ఉంటే? కూతురికి గురువైనవాడు తల్లికి ఎవరో అప్పుడు తెలుస్తుంది. ఆయన్ని దుర్మార్గుణ్ణి చెయ్యమనడం లేదు. ఆ నేర్పడంలో ప్రాయశ్చిత్తం కూడా ఉండొచ్చు. ఆయన పేరు, ఆ ఫ్లూట్ రింగ్‌టోన్ మాత్రం తీసెయ్. కృష్ణుడితో పోలిక నువ్వు వేలు పెట్టి చూపిస్తే ప్రేక్షకుడు బయటికి వచ్చేస్తాడు. 1975లో వచ్చిన ముత్యాల ముగ్గు ఉత్తర రామాయణమే. ఎవరో అన్న మాటకి భార్యని దూరం చేసుకోవడం అక్కడి కష్టం. సినిమాలో అదంతా మన గోదావరి పల్లెలో మనుషుల మధ్యే జరిగిపోయింది.

రూమ్మేట్, వాచ్‌మన్ భార్య పోట్లాడుకునే సీన్లు ముట్టుకోకు. తోలుబొమ్మలాటలో బంగారక్క, కేతిగాడు వచ్చినట్టు వస్తున్నారు, రానివ్వు.

ఇక ఇంటర్వెల్. ఆ 12 మెట్ల లెక్కలో ఇంటర్వెల్ అనేదే లేదు, మనకి అది లేకుండా కుదరదు. అలంకార శాస్త్రం నాటక కథని అయిదు సంధులుగా, అంటే అయిదు భాగాలుగా చెప్పింది, వాటిలో మధ్యది గర్భసంధి. కనిపించి మాయమైపోయిన బీజాన్ని, అంటే కథకి మూలమైన విత్తనాన్ని, మళ్లీ మళ్లీ వెతుక్కోవడం దాని లక్షణం. నీకు సరిగ్గా సరిపోతుంది. మొదటి పెద్ద ఛాన్స్ దొరికిన రోజే మాస్టారికీ అమ్మకీ మధ్య ఏం జరిగిందో అమ్మాయికి తెలియాలి. ఛాన్స్ ఇప్పించింది ఆయనే. ఒప్పుకుంటే అమ్మని అవమానించినట్టు, కాదంటే అమ్మ పోగొట్టుకున్నదే తనూ పోగొట్టుకున్నట్టు. అక్కడ లైట్లు వెయ్యి. ఇప్పుడున్న యాక్సిడెంట్ సీను అవసరం లేదు.

క్లైమాక్స్ గురించి నేనేమీ చెప్పను. అమ్మ ఒట్టు తీసి గట్టున పెడుతుందో, భీష్ముడిలా పట్టుకునే ఉంటుందో నువ్వే తేల్చుకోవాలి. ఏది రాసినా దాని ఖరీదు ఎవరు కడతారో చూపించు.

స్క్రిప్టంతా ఒకేసారి తిరగరాయకు, టెన్షన్ పడతావు. ముందు ఒక్క సీను రాయి. తాతయ్య అడుగుతున్నాడు, పాతికేళ్ల అమ్మ ఒట్టు వేస్తోంది. ఆ సీను సినిమాలో ఉంటుందా లేదా అన్నది తర్వాత చూద్దాం. ఆమె ఆ రోజు ఏ మాటలు వాడిందో నీకు తెలిసి తీరాలి. నెల్లూరు మాటే రాయి, పుస్తకం భాష వద్దు. రాసింది తీసుకుని ఆదివారం ఇంటికి రా, పిన్ని కూడా నిన్ను అడుగుతోంది. భోజనం ఇక్కడే.

ఆశీస్సులతో,
బాబాయి