బ్రౌజర్‌లో పదే పదే వైరస్ హెచ్చరికలు వస్తుంటే ఏ సెట్టింగ్ మార్చాలి?

క్రోమ్‌లో పాప్-అప్స్ బ్లాక్ చేసినా హెచ్చరికలు ఆగట్లేదని అడిగారు. ఆగవండీ. ఆ సెట్టింగ్ కొత్త విండోలు తెరుచుకోకుండా చూస్తుందంతే. మిమ్మల్ని సతాయిస్తున్నవి ఏదో సైటు స్క్రీన్ మూలన పంపే నోటిఫికేషన్లు అయ్యుంటాయి. మా నాన్నగారు రెండు నెలలు ఇదే బాధ పడ్డారు.

ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు, రాజమండ్రిలో ఒక్కరే ఉంటారు. పొద్దున్నే కాఫీ పట్టుకుని పేపరు చదవడానికి కంప్యూటర్ ముందు కూర్చోగానే స్క్రీన్ మీద కుడివైపు కింది మూలన ఎర్రగా ఓ పెట్టె, 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి' అని. మూసేస్తే ఇంకోటి. భయపడి బ్యాంకు పాస్‌వర్డ్ రెండుసార్లు మార్చుకున్నారు. వీధి చివర షాపతను 1,200 రూపాయలు తీసుకుని యాంటీవైరస్ వేశాడు. మర్నాడు మళ్ళీ అదే పెట్టె. చూడకుండా డబ్బులు తీసుకోవడం చాలా అన్యాయం.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ పెట్టెను దగ్గరగా చూశాను. చిన్న అక్షరాల్లో గూగుల్ క్రోమ్ అని, దాని పక్కనే నోరు తిరగని సైటు పేరు. "నాన్నా, ఎక్కడైనా అలౌ నొక్కారా?" అంటే, "పంచాంగం పీడీఎఫ్ కోసం వెతుకుతుంటే రోబో కాకపోతే అలౌ నొక్కమన్నదిరా, నొక్కాను" అన్నారు. అదీ సంగతి. ఆ ఒక్క నొక్కుతో ఆ సైటుకి నోటిఫికేషన్లు పంపే అనుమతి ఇచ్చేశారు. నిజమైన రోబో పరీక్ష ఎప్పుడూ అలౌ నొక్కమనదు.

పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కి వెళ్ళండి. అనుమతి ఉన్న సైట్ల లిస్టులో తెలియనివన్నీ తీసేయండి. సైట్లు అసలు అడగకుండా చేసే ఆప్షన్ కూడా అక్కడే ఉంటుంది, అది పెట్టేయండి. పేజీ మధ్యలో పెట్టె వచ్చి కదలనివ్వకపోతే షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, వచ్చే లిస్టులో ఆ ట్యాబ్‌ను ఎంచుకుని ఎండ్ ప్రాసెస్ నొక్కండి. ఆ పెట్టెలో ఫోన్ నంబరుంటే దానికి మాత్రం చచ్చినా ఫోన్ చేయొద్దు. ఇప్పటికే డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వంట సైటైనా, వార్తల సైటైనా తెరవగానే నోటిఫికేషన్లు పంపమంటారా అని అడగడమేంటండీ? రోజంతా అలౌ, అలౌ అని మప్పి, తీరా పెద్దవాళ్ళు నొక్కితే వాళ్ళకేం తెలీదంటారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

నాన్నగారి లిస్టులో 11 సైట్లున్నాయి. మౌస్ ఆయన చేతికే ఇచ్చి ఒక్కొక్కటీ ఆయన చేతే తీయించాను. ఆఖరున ఆయన రోజూ చదివే పేపరు సైటు మిగిలింది. "ఇది ఉండనీరా" అన్నారు. ఉంచాం.