ఒక వీడియో, వంద నకళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇంట్లో సరదాగా తీసిన మా కామెడీ వీడియోని చాలామంది చూశారు, నవ్వారు, పంచుకున్నారు. ఒక్కరూ దాన్ని తిరిగి తీయలేదు. అంతకంటే నాసిరకం వీడియోలకి మాత్రం లెక్కలేనన్ని రీమేక్‌లు. కిటుకేమిటి?

జవాబు: చూసి నవ్వుకోవడం వేరు, ‘ఇది మనమూ తీసేయొచ్చు’ అనిపించడం వేరు. 2013 ఫిబ్రవరిలో ‘హార్లెమ్ షేక్’ అనే పాట ముక్కకి గంతులేసే వీడియోలు ఊరూవాడా ఎలా పాకాయో గుర్తుచేసుకోండి. ముందు ఒక కామెడీ వీడియోలో కొందరు వింత వేషాల్లో గంతులేశారు. దాన్ని ఆస్ట్రేలియా కుర్రాళ్లు కొందరు తిరిగి తీసేసరికి దానికో మూస కుదిరింది: మొత్తం అర నిమిషం, మొదటి సగంలో ఒక్కడే ఊగుతుంటాడు, పక్కవాళ్లు పట్టించుకోరు, బీట్ పడగానే ఒక కట్, అందరూ పూనకం వచ్చినట్టు ఎగురుతుంటారు.

ఇందులో బిగించినవి మూడే: పాట ముక్క, కదలని కెమెరా, ఆ ఒక్క కట్. చోటు, మనుషులు, వేషాలు తీసేవాళ్ల ఇష్టం. నార్వే సైనికులు మంచులో తీశారు, ఇంకొకరు ఆఫీసులో. ఎక్కడ తీసినా జోకు చెడలేదు.

మీ వీడియోని ఇలా ఒక వాక్యంలో పెట్టండి: ‘___లో ఒకడు ___ చేస్తుంటాడు, ___ రాగానే ___ అవుతుంది.’ ముక్కూమొహం తెలియనివాళ్లు మిమ్మల్ని అడక్కుండా ఆ ఖాళీలు నింపగలిగితే రీమేక్‌లకి అవకాశం ఉంది. నవ్వంతా మీ బాబాయి మొహంలోనే ఉంటే ఆయన్ని ఎవరు అరువు తెచ్చుకుంటారు? మరీ నున్నగా ఎడిట్ చేసినా చూసేవాళ్లు ‘మనవల్ల కాదులే’ అని తప్పుకుంటారు.

ప్రశ్న: అలాంటి రీమేకే తీశాం. కట్ పడేచోట గోడ జరిగినట్టు, వెలుతురు మారినట్టు ఉంది. పాటకీ ఆటకీ పొంతన లేదు.

జవాబు: గోడ జరగడానికి మీ వేలే కారణం. రికార్డింగ్ ఆపడానికి ఫోన్ని తాకితే అది కొద్దిగానైనా కదులుతుంది. ట్రైపాడ్ మీద పెట్టాక ఆపొద్దు. మొదటి సగం అయ్యాక మిగతావాళ్లు వేషాలు మార్చుకుని వచ్చేదాకా కెమెరా నడుస్తూనే ఉండాలి. మధ్య భాగం తర్వాత కోసేయండి. మొదటి మనిషి కాళ్ల దగ్గర ఫ్రేములోకి రాకుండా టేపు ముక్క అంటించండి. గది మొత్తం మారిపోయినా వాడు అదే చోట అలాగే ఊగుతుండాలి, నవ్వు అక్కడే పుడుతుంది.

వెలుతురు సంగతి: ఫ్రేములోకి నల్ల బట్టలవాళ్లు ఎక్కువమంది చేరితే ఫోను ‘చీకటిగా ఉంది’ అనుకుని గదిని తెల్లబరుస్తుంది. చాలా ఫోన్లలో తెర మీద వేలు అదిమి ఉంచితే ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు) లాక్ అవుతాయి. ఆ మనిషి నిలబడ్డాక అతని మీదే లాక్ చేయండి. కిటికీ వెలుగుని నమ్మొద్దు, తెర వేసి గది దీపాలతోనే కానివ్వండి.

ఇక పొంతన. వీడియో తీసే యాప్‌లోనే పాట పెట్టుకుని బ్లూటూత్ స్పీకర్లో వింటూ తీసినట్టున్నారు. బ్లూటూత్‌లో ధ్వని ఆలస్యంగా వస్తుంది. అది 0.2 సెకను అనుకుంటే, సెకనుకి 30 ఫ్రేముల (నిశ్చల చిత్రాల) వీడియోలో 6 ఫ్రేములు వెనకపడ్డట్టే. మీరు విన్న బీటుకే ఎగిరారు, యాప్ మాత్రం పాటని అంతకుముందే మొదలుపెట్టేసింది. ఫోన్ స్పీకర్ గానీ వైరున్న స్పీకర్ గానీ వాడండి. తీసేసిన వీడియో అయితే ఎడిటింగ్‌లో పాట 5, 6 ఫ్రేములు ఆలస్యంగా మొదలయ్యేలా జరిపి చూడండి. కట్‌ని బీట్ కన్నా ఒక ఫ్రేము ముందు వేస్తే ఇంకా పదునుగా ఉంటుంది.

ప్రశ్న: రీమేక్‌కి అనుమతి కావాలా?

జవాబు: పాట ఒకరిది, వీడియో ఇంకొకరిది. మీ వీడియోలో ఆ పాట ఉంటే యూట్యూబ్‌లో ఇతరుల పాటల్ని గుర్తించే ‘కంటెంట్ ఐడీ’ వ్యవస్థ దానంతటదే పట్టుకోవచ్చు. అప్పుడు పాట హక్కుదారు మీ వీడియోని ఆపించొచ్చు, లేదా దాని మీది ప్రకటనల డబ్బు వాళ్లకి పోవచ్చు. ఒరిజినల్‌లోని దృశ్యాలే వాడుకుంటే తీసినవాళ్లని అడగండి. మీరే కొత్తగా నటించి తీసినా ఒరిజినల్ లింకు ఇవ్వడం మర్యాద.

అన్నిటికన్నా ముందు, ఒరిజినల్‌లోని మనిషి దాన్ని తన ఇష్టంతోనే నెట్‌లో పెట్టాడా అని చూసుకోండి. ఒక కెనడా కుర్రాడు కర్రని ‘స్టార్ వార్స్’ సినిమాల్లోని కాంతి ఖడ్గంలా తిప్పుతూ 2002లో తనకోసం తీసుకున్న వీడియోని మరుసటి ఏడు అతని అనుమతి లేకుండా బయటపెట్టారు. దానికి రీమేక్‌లు కుప్పలుగా వచ్చాయి, అతను మాత్రం వేధింపులు పడ్డాడు, విషయం కోర్టుదాకా వెళ్లింది. అలాంటిది మీ చేతికొస్తే తీయకండి.