కౌజు పిల్లలు దొరక్కపోతే గుడ్లు అడుగు

ఒరేయ్ చిన్నోడా,

ఎవరిని అడిగినా కౌజు పిల్లలు లేవంటున్నారనీ, రెండు నెలలు ఆగమంటున్నారనీ, ఈలోపు ఎవరో ఫోన్‌లో అడ్వాన్స్ వేస్తే వెంటనే పంపిస్తామన్నారనీ రాశావు. ఆ అడ్వాన్స్ మాత్రం వెయ్యకు. మిగతా సంగతి తాపీగా చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

మనం పెంచే జపాన్ కౌజులు దాదాపు పొదగవు. తరతరాలుగా గుడ్ల కోసమే పెంచుకుంటూ రావడంతో పొదిగే బుద్ధి వాటికి పోయింది. అంటే నీకు కనిపించే ప్రతి కౌజు పిల్లా ఎవరో ఒకరు ఇంక్యుబేటర్‌లో, అంటే గుడ్లు పొదిగే మెషిన్‌లో, గుడ్లు పెడితేనే పుట్టింది. పెట్టేవాళ్లు తగ్గితే పిల్లలు తగ్గుతాయి, అంతే. పగటి వెలుతురు తగ్గే నెలల్లో, విడిగా లైటు వేసి రోజుకి 14 గంటలు దాటించకపోతే, గుడ్లు పెట్టడమే తగ్గిపోతుంది. మళ్లీ పగళ్లు పెరగగానే అందరికీ ఒకేసారి పిల్లలు కావాలి. మధ్యలో బర్డ్ ఫ్లూ వచ్చిందంటే పక్షుల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలనివ్వరు. కానీ ఇలాంటప్పుడు కూడా పిట్టలు పెంచేవాళ్ల ఇళ్లలో ఎన్నో కొన్ని గుడ్లు వస్తూనే ఉంటాయి, వాళ్లు వాటిని తింటారు, పంచుతారు, పొదిగించే తీరిక ఉండదు. నువ్వేమో "పిల్లలున్నాయా" అని అడుగుతున్నావు, వాళ్లు లేవంటున్నారు. "ఆడపిట్టల్లో మగపిట్టలు కలిపి ఉన్నాయా, పొదిగించుకోవడానికి గుడ్లిస్తారా" అని అడిగి చూడు, జవాబు మారుతుంది.

ఎవరిని అడగాలంటావా? హేచరీల (గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మేచోట్ల) వెంటపడటం ఆపి, ముందు కోళ్ల మేత అమ్మేవాళ్లని అడుగు. కౌజులకి ప్రొటీన్ ఎక్కువున్న మేత కావాలి కాబట్టి, ఆ మేత నెలనెలా ఎవరు పట్టుకెళ్తున్నారో వాళ్లకి తెలుస్తుంది. పశువుల డాక్టర్లకీ తెలుస్తుంది. పక్షుల్ని సరదాకి పెంచేవాళ్లని వదలకు, అమ్మకానికి బోర్డు పెట్టరు గానీ ఇళ్లలో గుడ్లు మిగిలిపోతుంటాయి. ఒకరు లేవంటే ఫోన్ పెట్టెయ్యకు, "మీరు ఎవరి దగ్గర తెచ్చుకున్నారు" అని అడుగు. ఆ ఒక్క ప్రశ్నే నిన్ను మూడు నాలుగు ఇళ్లకి తీసుకెళ్తుంది.

నన్నడిగితే మాత్రం, కరువు రోజుల్లో గుడ్ల కన్నా మంచిది ఎదిగిన పిట్టల చిన్న గుంపు. ఒక మగది, నాలుగు ఆడవి, ఎనిమిది నుంచి పన్నెండు వారాల వయసువి దొరికితే కళ్లు మూసుకుని తెచ్చుకో. కళ్లు మూసుకుని అంటే ఊరికే అన్నాను, తెచ్చేముందు కళ్లు, ముక్కు, కాళ్లు, రెట్ట అన్నీ చూడాలి. ప్రయాణం బెదురుకి వారం పది రోజులు గుడ్లు ఆపేస్తాయి, టెన్షన్ పడకు. తర్వాత రోజుకి మూడు గుడ్లొచ్చినా వారంలో ఇరవై అవుతాయి. పొదగడానికి 17, 18 రోజులు, ఆ పిల్లలు గుడ్డుకి రావడానికి ఆరేడు వారాలు. మొత్తం లెక్కేస్తే మూడు నెలల్లో నీ గుడ్లు నీకే ఉంటాయి, ఇంక ఎవరి గుమ్మంలోనూ నిలబడక్కర్లేదు. కోళ్లకి ఇదే పనికి ఆరేడు నెలలు పడుతుంది. పిల్లల కోసం రెండు నెలలు క్యూలో ఎదురుచూడటం నాకు అందుకే నచ్చదు, ఆ రెండు నెలల్లో సగం పని మనమే చేసుకోవచ్చు.

ఎదిగినవి తెచ్చుకుంటే గోధుమరంగు మచ్చల మామూలు రకమే అడుగు. మూడు వారాలు దాటాక వాటి ఎద చూసి చెప్పొచ్చు, మగదానిది మచ్చల్లేకుండా ఇటుకరంగులో ఉంటుంది, ఆడదానిది లేత రంగు మీద నల్ల చుక్కలతో ఉంటుంది. తెల్లవాటిలో, ఇంకా కొన్ని రంగుల్లో ఇలా తెలియదు, తోక కింద నొక్కితే మగదానికి నురగ వస్తుంది, అదీ ఆరేడు వారాలు నిండితేనే. నాలుగూ ఆడవేనని చెప్పి వాటిలో మూడు మగవాటిని నీకు అంటగట్టారనుకో, అవి ఒకదాన్నొకటి తల మీద పొడుచుకుని చంపుకుంటాయి.

ఇప్పుడు గుడ్ల సంగతి. కొట్లో తినడానికి అమ్మే కౌజు గుడ్లు తెచ్చి పెడితే పిల్లలవుతాయట కదా అని అడిగావు. అవ్వచ్చు, అప్పుడప్పుడూ అవుతాయి కూడా. కాకపోతే గుడ్ల కోసం పెంచేచోట మగపిట్టలకి మేత దండగని ఉంచరు. పైగా అవి ఎప్పుడు పెట్టినవో తెలియదు, కడిగి ఉంటారు, ఫ్రిజ్‌లో ఎన్నాళ్లున్నాయో తెలియదు. ఇంకేదీ దొరకనప్పుడు చూడాలనిపిస్తే ముందు నాలుగైదు పగలగొట్టి చూడు. పచ్చసొన మీద తెల్లటి చుక్క ఉంటుంది. మగపిట్ట తొక్కిన గుడ్డులో అది గుండ్రంగా, చుట్టూ వలయం గీసినట్టు ఉంటుంది. తొక్కనిదాంట్లో చిన్నగా, అంచులు చెదిరిన మరకలా ఉంటుంది. ఐదింటిలో ఒక్కదానికీ వలయం లేకపోతే ఆమ్లెట్ వేసుకో.

గుడ్లిచ్చేవాళ్లని ఏం అడగాలో చెప్తాను, మొహమాటపడకు. ఎన్ని ఆడవాటికి ఒక మగది ఉందో అడుగు, మూడు నాలుగింటికి ఒకటైతే బాగుంటుంది. పిట్టల వయసు అడుగు, ఎనిమిది నెలలు దాటినవాటి గుడ్లలో పిల్లలయ్యేవి తగ్గుతూ వస్తాయి. మగవాటిని ఈమధ్య తీసేశారేమో అడుగు, తీసేసి వారం దాటితే ఆ గుడ్ల మీద పెద్దగా ఆశ పెట్టుకోకు. ఇవన్నీ మర్చిపోయినా ఒక్కటి మర్చిపోకు: "పోయినసారి మీరు ఎన్ని గుడ్లు పెట్టారు, ఎన్ని పిల్లలయ్యాయి?" నిజంగా పొదిగించేవాళ్లకి ఆ లెక్క నోటి చివరే ఉంటుంది, తక్కువ వచ్చినా చెప్తారు. నూటికి నూరూ అవుతాయన్నారంటే అక్కడ కొనకు. డబ్బు ముందు అడిగేవాళ్లని పిట్టల్ని వీడియో కాల్‌లో చూపించమను. ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చిన ఫోటోలతో మోసం చేసేవాళ్లు ఇలా కరువొచ్చినప్పుడే పుట్టుకొస్తారు.

ఇంకోటి, అది ఏ రకం కౌజో తేల్చుకో. జపాన్ కౌజుకి 17, 18 రోజులు, బాబ్‌వైట్ అనే అమెరికా రకానికి 23 రోజుల దాకా, చిన్న బటన్ రకానికి 16 రోజులు పడుతుంది. తెలియకుండా కలిపి పెడితే ఏ గుడ్లని అటూ ఇటూ తిప్పడం ఎప్పుడు ఆపాలో అర్థంకాక అన్నీ పోతాయి. పొలాల్లో, గడ్డిలో దొరికే అడవి కౌజు గుడ్ల జోలికి మాత్రం వెళ్లకు. చాలాచోట్ల అది చట్టప్రకారం నేరం, పైగా ఆ పిట్ట పంజరంలో బెదిరి పైకెగిరి తల పగలగొట్టుకుంటుంది. పెంచుకోవడానికి మీ దగ్గర పర్మిషన్ కావాలేమో కూడా కనుక్కో.

వీలైతే వెళ్లి చేత్తో తెచ్చుకో. కొరియర్‌లో వచ్చిన గుడ్లలో కుదుపులకి లోపలి గాలి గది ఊడిపోతుంది, అలాంటప్పుడు సగం పిల్లలయినా గొప్పే. వచ్చిన గుడ్లని వెంటనే ఇంక్యుబేటర్‌లో పెట్టకు, సన్నవైపు కిందికి ఉండేలా నిలబెట్టి ఒక రోజు కదపకుండా ఉంచు. కడగొద్దు. పగుళ్లున్నవి, మరీ చిన్నవి, వంకరవి పక్కన పెట్టు, పది పదకొండు గ్రాములుండేది మామూలు గుడ్డు. నువ్వు రోజూ కొన్ని పోగుచేసి పెట్టేదైతే 13 నుంచి 16 డిగ్రీల చల్లదనంలో ఉంచి వారం లోపు పెట్టెయ్, పది రోజులు దాటితే రోజురోజుకీ పిల్లలయ్యేవి పడిపోతాయి.

ఎన్ని తేవాలన్నది అందరూ తప్పే వేస్తారు. పది ఆడపిట్టలు కావాలంటే పదిహేను గుడ్లు చాలవు. చేత్తో తెచ్చినవి నలభై పెట్టావనుకో, పాతికో ఇరవయ్యారో పిల్లలవుతాయి, మొదటి వారంలో రెండు మూడు పోతాయి, మిగిలినవాటిలో సగం మగవి. అలా పది పదకొండు చేతికొస్తాయి. కొరియర్‌లో వచ్చేవైతే అరవై తెప్పించుకో.

గుడ్లు ఇంటికి రాకముందే ఇంక్యుబేటర్ ఒకటి రెండు రోజులు ఖాళీగా నడిపి వేడి నిలబడుతుందో లేదో చూసుకో. ఫ్యాన్ ఉన్నదైతే 37.5 నుంచి 37.7 డిగ్రీలు. మెషిన్ మీద కనిపించే అంకెని నమ్మకు, లోపల ఇంకో మంచి థర్మామీటర్ పెట్టు. తేమ మొదటి రెండు వారాలు 45 నుంచి 50 శాతం, 14వ రోజు తర్వాత తిప్పడం ఆపేసి 65 నుంచి 70కి పెంచు. ఇక అక్కడి నుంచి మూత తియ్యకు, ఎంత ముద్దొచ్చినా సరే. మెషినే లేదంటే పొదుగుకొచ్చిన చిన్న జాతి కోడి కింద పెట్టొచ్చు, బరువైన కోడైతే ఆ పల్చటి పెంకులు నలిగిపోతాయి. కోడి దగ్గరున్న జబ్బులూ పేలూ పిల్లలకి అంటుకుంటాయి కాబట్టి నాకు అది చివరి దారి.

20వ రోజు దాకా చూసి, పగలని గుడ్లని పారెయ్యకుండా విప్పి చూడు. ఇది చాలామంది చెయ్యరు, వాసనకి భయపడి. మళ్లీ అదే ఇంటికి గుడ్లకి వెళ్లాలా వద్దా అన్నది అక్కడే తెలుస్తుంది. లోపల ఏ ఆనవాలూ లేకుండా పచ్చిగా ఉన్నవి ఎక్కువుంటే మగపిట్టల లోపమో, గుడ్లు పాతవో, దారిలో కుదిపారో. పిల్ల పూర్తిగా తయారై పెంకులోనే చచ్చిపోయి ఉంటే మాత్రం ముందు నీ మెషిన్‌లో వేడీ తేమా చూసుకో.

పిల్లలు బొటనవేలంత ఉంటాయి, ఏడెనిమిది గ్రాములు. మొదటి వారం 35 నుంచి 37 డిగ్రీల వెచ్చదనం, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గించు. నీళ్ల పళ్లెంలో గోళీలు వెయ్యి, లేకపోతే అరంగుళం నీళ్లలో మునిగి చస్తాయి. కింద న్యూస్‌పేపర్ పరవకు, జారి కాళ్లు రెండు పక్కలకీ చాచుకుపోతాయి, గరుకు గుడ్డ వెయ్యి. మేతలో ప్రొటీన్ 24 శాతానికి తగ్గకూడదు, కౌజు మేత దొరక్కపోతే టర్కీ కోడి పిల్లలకి మొదట్లో పెట్టే స్టార్టర్ మేత తెచ్చి మెత్తగా పొడి చేసి పెట్టు.

ఈమధ్యలో ఎక్కడైనా పిల్లలే దొరికాయనుకో, ఒకరోజు పిల్లలకి ఆశపడకు, అంత చిన్నవి ప్రయాణానికి అంతగా తట్టుకోవు. రెక్కలు వచ్చిన మూడు నాలుగు వారాలవి అడుగు, ఆడా మగా కూడా తేలిపోతుంది. ఎక్కడి నుంచి తెచ్చినా నెల రోజులు విడిగా ఉంచు, కోళ్లున్న షెడ్డులో అసలు పెట్టకు.

ఒకే ఇంటి గుడ్లతో మొదలుపెట్టి వాటిలోనే కలుపుకుంటూ పోతే ఎక్కువ రోజులు నడవదురా. కౌజులు రక్తసంబంధపు జోడీని కోళ్లంత కూడా తట్టుకోవు, అన్నాచెల్లెళ్లని వరసగా కలుపుతూ పోతే కొద్ది తరాల్లోనే గుడ్లు పిల్లలవ్వడం మానేస్తాయి. అందుకే కష్టమైనా రెండిళ్ల నుంచి తీసుకో, ఒక ఇంటివాటికి ఒక రంగు కాలి రింగు, రెండో ఇంటివాటికి ఇంకో రంగు వెయ్యి. ఇక్కడి మగవి, అక్కడి ఆడవి కలుపు. మొదటి విడతలో మగవి మిగిలాయని అన్నీ వదిలించుకోకు, రెండు అదనంగా ఉంచు. ఉన్న ఒక్క మగదీ చచ్చిపోతే మళ్లీ నువ్వు ఫోన్లు పట్టుకుని తిరగాలి.

గుడ్లు ఏ రోజు వస్తాయో ముందే చెప్పు. నా చిన్న ఇంక్యుబేటర్ ఖాళీగానే ఉంది, సగం నా దగ్గర పెడదాం. ఒక మెషిన్ మొరాయించినా రెండోదాంట్లో సగం మిగులుతాయి.

మీ పెద్దమ్మ