గీసే చదువా, కట్టే చదువా?

ప్రశ్న: మేము పదహారేళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నాం. నేనూ, నా భార్యా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. మా అమ్మాయి ఈ ఏడాది హైస్కూలు పూర్తి చేస్తోంది. కంప్యూటర్ సైన్స్‌కు దరఖాస్తులు పెట్టించాం. మాకు చెప్పకుండా తనే ఇంకో మూడు పెట్టుకుంది: ఒకచోట సివిల్ ఇంజనీరింగ్, ఒకచోట కన్‌స్ట్రక్షన్ ఇంజనీరింగ్ టెక్నాలజీ, మరొకచోట కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్. మూడింటిలోనూ సీటు వచ్చింది. చివరి దానికే వెళ్తానంటోంది. మా ఇల్లు కట్టేటప్పుడు ప్రతి శనివారం నాతో వచ్చి అక్కడ పనులు చూసే సూపరింటెండెంటును ప్రశ్నలతో విసిగించేది. అప్పుడు నవ్వుకున్నాం. టెక్నాలజీ అంటే పాలిటెక్నిక్ డిప్లొమా లాంటిదేనా? మేనేజ్‌మెంట్ డిగ్రీతో ఇంజనీరు అనిపించుకుంటుందా? ఇదే చదువుతానంటే కనీసం బిమ్ (భవనానికి కంప్యూటర్ నమూనా తయారు చేసే పని), ఏఐ, డ్రోన్ల వైపు వెళ్లి ఆఫీసులో కూర్చునే పని చూసుకోమని చెప్పవచ్చా? మూడు డిగ్రీలనూ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: పోలిక అడిగారు, చెబుతాను. కానీ మీ ఉత్తరం చదువుతుంటే నేను ఆగింది శనివారాల దగ్గర. నవ్వుతూ ఒక్క వాక్యంలో దాటేశారు గానీ మొత్తం ఉత్తరంలో మీ అమ్మాయి కనిపించింది అక్కడే.

ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా సీట్లు వచ్చే రోజుల్లో వస్తాయి. పైకి అడిగేది డిగ్రీల తేడా. లోపలిది వేరు. నలుగురు కూడిన చోట ‘అమ్మాయి ఏం చదువుతోంది?’ అని ఎవరైనా అడిగితే, కంప్యూటర్ సైన్స్ అంటే చాలు, తల ఊపి ఊరుకుంటారు. కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ అంటే ‘అంటే?’ అంటారు. ఆ ‘అంటే?’ దగ్గరే మీకు నిద్ర పట్టడం లేదు. అందులో తప్పేమీ లేదు, వలస వచ్చి కష్టపడి నిలబడ్డవారికి పిల్లల చదువే మర్యాద. కాకపోతే నలభై ఏళ్లు చేయబోయే పనిని ఒక విందులో అర నిమిషం ఇబ్బందిని బట్టి తేల్చకండి.

ముందు టెక్నాలజీ సంగతి. అదే పేరుతో ఇక్కడ రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ కూడా ఉంది, గందరగోళం అక్కడ మొదలవుతుంది. మీ అమ్మాయికి వచ్చింది నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీ. 1955లో ఇంజనీరింగ్ చదువును సమీక్షించిన గ్రింటర్ కమిటీ నివేదిక వచ్చాక అమెరికాలో ఇంజనీరింగ్ కళాశాలలు గణితం, భౌతికశాస్త్రం వైపు బాగా జరిగాయి. వర్క్‌షాపు, చేతితో చేసి నేర్చుకునే పాఠాలు తగ్గిపోయాయి. గీసినదాన్ని కట్టేవారు, పరీక్షించేవారు, నడిపేవారు పరిశ్రమకు కావాలి కదా. ఆ ఖాళీలోనే నాలుగేళ్ల టెక్నాలజీ డిగ్రీలు పెరిగాయి. ఇంజనీరింగ్ సీటు దొరకనివారి కోసం పెట్టిన చదువని మీరు ఊహించుకున్నది సరికాదు.

అలాగని రెండూ ఒకటేనని ఎవరైనా చెబితే అదీ నమ్మకండి. ‘ఏబెట్ గుర్తింపు ఉంది’ అని కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేస్తారు. ఏబెట్ అంటే ఇలాంటి డిగ్రీలను పరిశీలించి గుర్తింపు ఇచ్చే సంస్థ. ఏబెట్‌లో నాలుగు కమిషన్లు ఉన్నాయి. సివిల్ ఇంజనీరింగ్‌కు గుర్తింపు ఇచ్చేది ఈఏసీ. టెక్నాలజీ డిగ్రీకి ఇచ్చేది ఈటీఏసీ. తేడా ఒక్క అక్షరమే, కానీ పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్సు దగ్గరికి వచ్చేసరికి అది పెద్దదవుతుంది. డ్రాయింగు మీద ముద్ర వేసి ‘దీనికి బాధ్యత నాది’ అనే హక్కు ఆ లైసెన్సు ఉన్నవారిదే. మీ టెక్సస్‌లో ఈఏసీ డిగ్రీ ఉన్నవారికి నాలుగేళ్ల అనుభవం చాలు. ఈటీఏసీ డిగ్రీ ఉన్నవారికి ఎనిమిదేళ్లు కావాలి. రాష్ట్రం మారితే నియమం మారుతుంది. కొన్నిచోట్ల టెక్నాలజీ డిగ్రీతో ఆ తలుపు అసలు తెరుచుకోదు.

చాలా ఏళ్ల క్రితం నేను సలహా ఇచ్చిన ఒక అబ్బాయి టెక్నాలజీ డిగ్రీ తీసుకుని, ఒక డిజైను సంస్థలో చేరి, నాలుగో ఏట లైసెన్సుకు సిద్ధమయ్యాక ఈ సంగతి తెలుసుకున్నాడు. ఫోనులో అతను నన్ను తిట్టలేదు, కానీ తిట్టవలసింది. డిగ్రీ తప్పు కాదు. నేను ముందుగా చెప్పకపోవడం తప్పు. అప్పటి నుంచి టెక్నాలజీ గురించి ఎవరు అడిగినా మొదట అడిగే ప్రశ్న ఒకటే: డ్రాయింగు మీద ముద్ర వేసే స్థానంలో ఉండాలని ఉందా? ఉంటే సివిల్‌కు వెళ్లండి.

కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌కు ఈ చిక్కు రాదు. ఆ పనికి పీఈ అక్కర్లేదు. పేరులో మేనేజ్‌మెంట్ చూసి దాన్ని ఎంబీఏకి తమ్ముడనుకునే తల్లిదండ్రులు చాలామంది. లోపల ఉండేది ఇది: ఎంత కాంక్రీటు, ఎంత ఉక్కు, ఎంతమంది పనివాళ్లు, ఏ పని తర్వాత ఏది, ఎవరి ఒప్పందంలో ఏముంది, వాన పడి పది రోజులు పని ఆగితే ఆ నష్టం ఎవరిది. అంచనాలు, షెడ్యూలు, ఒప్పంద చట్టం, భద్రత, సామగ్రి, కట్టడం బరువును ఎలా మోస్తుందో చెప్పే స్ట్రక్చర్స్ కొంత. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఈ చదువు 1935 నుంచి ఉంది. ఈ డిగ్రీలను పరిశీలించి గుర్తింపు ఇచ్చే ఏసీసీఈ అనే సంస్థ 1974లో ఏర్పడింది. మీ అమ్మాయికి సీటిచ్చిన విభాగానికి ఆ గుర్తింపు గానీ ఏబెట్ గుర్తింపు గానీ ఉందో లేదో చూడండి.

ఇంజనీరు అనిపించుకుంటుందా అని అడిగారు. తమాషా ఏమిటంటే, పెద్ద కాంట్రాక్టు సంస్థల్లో ఈ డిగ్రీతో చేరినవారికి మొదట ఇచ్చే హోదా పేరే ‘ప్రాజెక్ట్ ఇంజనీర్’. లైసెన్సుకూ దానికీ సంబంధం లేదు. బంధువుల ‘అంటే?’కి మాత్రం పనికొస్తుంది, వాడుకోండి.

గీసేవారు పైన, కట్టేవారు కింద అనే లెక్క మీ ఉత్తరం నిండా ఉంది. ఆ లెక్క ఎంత ప్రమాదమో ఇంజనీరింగ్ తరగతుల్లో చెప్పే ఒక సంఘటన ఉంది. 1981 జులైలో కాన్సస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. పై వంతెన, కింది వంతెన రెండూ ఒకే పొడవైన కడ్డీకి వేలాడాలని మొదటి డిజైను. అంత పొడవునా కడ్డీకి నట్టు ఎక్కే మరచుట్లు తీయడం, దాన్ని చెడకుండా ఎక్కించడం కష్టం. అందుకని ఒక కడ్డీని రెండుగా మార్చారు. దాంతో కింది వంతెన పై వంతెన దూలానికి వేలాడింది, ఆ దూలం కింద నట్టు మోయవలసిన బరువు రెట్టింపయింది. మారిన డ్రాయింగు ఇంజనీర్ల బల్ల మీదుగానే వెళ్లింది, ఎవరూ మళ్లీ లెక్క వేయలేదు. వారి లైసెన్సులు రద్దయ్యాయి. గీసేటప్పుడు ‘దీన్ని కట్టేదెలా?’ అని, మార్చేటప్పుడు ‘బరువు ఎక్కడికి పోతోంది?’ అని అడిగే మనిషి ఒక్కరు ఉండి ఉంటే చాలు. ఆ మనిషిని తయారు చేసే చదువును మీరు తక్కువ చదువంటున్నారు.

మూడింటి మధ్య నాకు ముఖ్యంగా కనిపించే తేడా గణితం. సివిల్‌లో కాల్‌క్యులస్ వరసగా ఉంటుంది, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు దాకా వెళ్తుంది. టెక్నాలజీలో అది తగ్గి అన్వయం పెరుగుతుంది. మేనేజ్‌మెంట్‌లో ఇంకా తగ్గుతుంది. కాబట్టి సివిల్‌లో చేరి రెండో ఏట మేనేజ్‌మెంట్‌లోకి దిగడం సులువు – దిగడం అన్నాను చూశారా, మీ లెక్క నాకూ అంటుకుంది – మారడం సులువు. మేనేజ్‌మెంట్ నుంచి సివిల్‌కు రావాలంటే గణితం మొదటి నుంచి కట్టుకురావాలి, ఏడాది పోతుంది. అందుకే ఒకప్పుడు అందరికీ ‘ముందు సివిల్ తీసుకో’ అనేవాడిని. ఇప్పుడు అనను. కాంట్రాక్టు సంస్థలు మూడు డిగ్రీలవారినీ పిలిచి ఒకే ఉద్యోగానికి తీసుకోవడం చూస్తున్నాను. ఆ పనే చేయాలని తెలిసిన పిల్ల, ఇష్టం లేని స్ట్రక్చరల్ అనాలిసిస్‌లో మార్కులు పోగొట్టుకుని అక్కడికే రావడంలో లాభమేముంది?

జీతాలు మీరు అడగలేదు, కానీ ఆలోచిస్తూనే ఉంటారు. అమెరికా కార్మిక గణాంకాల విభాగం ప్రకారం 2024 మే నాటికి కన్‌స్ట్రక్షన్ మేనేజర్ల మధ్యస్థ వార్షిక వేతనం 1,06,980 డాలర్లు, సివిల్ ఇంజనీర్లది 99,590. ఇది చూసి మీరు వెంటనే మనసు మార్చుకుంటే నాకు ఇంకో బాధ. మేనేజర్ అనే ఆ లెక్కలో ఇరవై ఏళ్లు సైట్లలో ఎండకు మాడినవారు ఉన్నారు. డిగ్రీ చేతికొచ్చిన రోజున ఆ అంకె రాదు.

ఇక బిమ్, ఏఐ, డ్రోన్లు. ఈ మధ్య నేను ఎక్కువగా వాదించేది ఈ విషయం మీదే. భవనం మొత్తాన్ని కంప్యూటర్లో త్రిమితీయ నమూనాగా కట్టుకుని, గాలి వెళ్లే డక్టు ఎక్కడ దూలాన్ని ఢీకొంటుందో, పైపు ఎక్కడ కేబుల్ ట్రేకి అడ్డం వస్తుందో ముందే చూసుకోవడం చాలా మంచి పని. దాన్ని ఎవరూ కాదనరు. చిక్కు ఎక్కడంటే, సాఫ్ట్‌వేర్ ఒక్క మీట నొక్కగానే వందల ఢీలు చూపిస్తుంది. వాటిలో చాలావాటిని పైపు పనివాడు పైపును కాస్త జరిపి తనే సరిచేసుకుంటాడు. కొన్ని మాత్రం పనిని నెల రోజులు ఆపేస్తాయి. ఏవి ఏవో తెలియాలంటే డక్టు వేలాడదీస్తుండగా కింద నిలబడి చూసి ఉండాలి. ఎప్పుడూ చూడని పిల్ల ఆ జాబితాను అందంగా రంగులద్ది మీటింగులో చూపిస్తుంది. అవతల ముప్పై ఏళ్లుగా పైపులు వేస్తున్న ఫోర్‌మన్ ‘ఇందులో అసలు సమస్య ఏది?’ అని అడిగితే నోరు పెగలదు.

అందుకే పేరులో ‘స్మార్ట్’ అనో ‘డిజిటల్’ అనో కొత్తగా తగిలించుకున్న కోర్సులంటే నాకు అనుమానం. మోసమని అనను. అంచనా, షెడ్యూలు, ఒప్పందం అనే మూడు పాఠాలను కుదించి ఆ చోట సాఫ్ట్‌వేర్ శిక్షణ పెడితే మాత్రం నష్టమే. సాఫ్ట్‌వేర్ నాలుగేళ్లలో మారుతుంది, ఆ సంగతి మీ ఇద్దరికీ నేను చెప్పాలా? షెడ్యూలు వేయడానికి ఇప్పటికీ వాడే క్రిటికల్ పాత్ పద్ధతి 1950ల చివరిది. పనిముట్లు ఎన్నో వచ్చాయి పోయాయి, ‘ఏ పని ఆగితే మొత్తం ఆగుతుంది?’ అన్న ప్రశ్న అలాగే ఉంది. డ్రోను ఎగరేయడం ఒక వారాంతంలో వస్తుంది. అది తీసిన ఫొటో చూసి తవ్వకం గోడ కూలేలా ఉందని చెప్పడం వారాంతంలో రాదు.

అసలు మీరు బిమ్ అడిగింది బిమ్ మీద ప్రేమతో కాదు. ‘ఆఫీసులో కూర్చునే పని’ అన్నారు. ఆడపిల్ల సైటులో మగవాళ్ల మధ్య, ఎండలో, దుమ్ములో ఎలా ఉంటుందన్నది మీ భయం. అలా అని నేరుగా రాయకుండా డ్రోన్ల వెనక దాచడం నాకు నచ్చలేదు. ఆమెకూ ఇలాగే చెప్పి ఉంటారు. పిల్లలకు ఇది ఇట్టే తెలిసిపోతుంది, అందుకే మీకు చెప్పకుండా దరఖాస్తులు పెట్టుకుంది.

భయం ఉత్తదేమీ కాదు. పని తెల్లవారకముందే మొదలవుతుంది, ప్రాజెక్టు మారితే ఊరు మారుతుంది, నోటి దురుసు మనుషులు ఉంటారు. ఎత్తు నుంచి పడటం ఈ రంగంలో మరణాలకు మొదటి కారణం. అది మగవాళ్లకూ అంతే. అయితే పరిస్థితి నిలిచిపోలేదు. హెల్మెట్, జాకెట్, పడిపోకుండా ఒంటికి కట్టుకునే హార్నెస్ అన్నీ మగవాళ్ల కొలతల్లో ఇచ్చి సర్దుకోమనేవారు. భద్రతా సామగ్రి వేసుకునే మనిషి ఒంటికి సరిపోవాలని నిర్మాణ రంగానికి స్పష్టంగా చెప్పే ఓషా (అమెరికా కార్మిక భద్రతా సంస్థ) నియమం 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఆలస్యంగానైనా వచ్చింది. మీ అమ్మాయి అడగవలసిన ప్రశ్నలు ఇవి: ఇంటర్న్‌షిప్ తప్పనిసరా, నాలుగేళ్లలో ఎన్ని వేసవులు సైటులో ఉంటాను, నాకంటే ముందు చదివిన అమ్మాయిల్లో ఒకరితో మాట్లాడించగలరా? మూడో ప్రశ్నకు విభాగం తడబడితే ఆ తడబాటే జవాబు.

ఇంకొకటి కూడా అడగమనండి. ఏటా ఫిబ్రవరిలో నెవాడాలో నిర్మాణ విద్యార్థులకు పెద్ద పోటీ జరుగుతుంది. నిజంగా కట్టిన ప్రాజెక్టు కాగితాలు పొద్దున్నే చేతికిస్తారు. రాత్రికి అంచనా, షెడ్యూలు, ప్రతిపాదన తయారు కావాలి, తర్వాత కాంట్రాక్టర్ల ముందు నిలబడి సమర్థించుకోవాలి. అక్కడికో, మరో ప్రాంతంలో జరిగే అలాంటి పోటీకో జట్టును పంపే విభాగంలో పని ఎలా నేర్పుతారో వేరే చెప్పనక్కర్లేదు. ర్యాంకుల పట్టిక కంటే నేను దీన్నే ముందు చూస్తాను.

చాలా విశ్వవిద్యాలయాల్లో మే 1 లోపు నిర్ణయం చెప్పాలి. అప్పటిదాకా ఆమెతో కంప్యూటర్ సైన్స్ మాట ఎత్తకండి, ఆ సంగతి మీరు చెప్పినంత వరకూ చెప్పేశారు. మూడు విభాగాల నాలుగేళ్ల పాఠ్యప్రణాళికలూ ముద్రించి బల్ల మీద పెట్టండి. ఏ పాఠం దగ్గర ఆగుతుందో, ఏది దాటేస్తుందో చూడండి. ముద్ర వేసే పని కావాలంటే సివిల్, కట్టించే పని కావాలంటే ఆమె ఎంచుకున్నదే. టెక్నాలజీ డిగ్రీని ఎనిమిదేళ్ల సంగతి తెలిసే తీసుకోవాలి.

ఆ సూపరింటెండెంటు ఫోను నంబరు ఇంకా మీ దగ్గర ఉండే ఉంటుంది. ఇల్లు కట్టించుకున్నవారెవరూ అది తీసేయరు. ఆయనకు ఫోను చేసి, శనివారాల్లో మా అమ్మాయి మిమ్మల్ని ఏమేం అడిగేది అని అడగండి. ఆయన చెప్పింది నాకూ రాయండి, వినాలని ఉంది.