చిక్కబడటమా, గడ్డకట్టడమా?

సందేహం: డెంగీ వచ్చిన పిల్లల రక్తపరీక్షల గురించి రాస్తూ, హెమటోక్రిట్ పెరగడాన్ని కొందరు 'రక్తం చిక్కబడింది' అంటున్నారు, కొందరు 'రక్తం గడ్డకట్టింది' అంటున్నారు. రెండూ ఒకటేనా? 'కణాలు పడిపోయాయి' అనడం సరైనదేనా?

సమాధానం: ఒకటి కావు. ఇక్కడ 'చిక్కబడింది' అన్నదే సరి. 'గడ్డకట్టింది' అంటే అర్థం తలకిందులవుతుంది.

పాలను చూడండి. పొయ్యి మీద మరిగే కొద్దీ నీరు ఆవిరైపోయి పాలు చిక్కబడతాయి. గరిటెతో ఎత్తి పోస్తే అప్పటికీ ధారగానే జారతాయి. తోడు వేసిన పాలు వేరు. అవి పేరుకొని గడ్డకడతాయి, వాటి స్వభావమే మారిపోతుంది. డెంగీలో రక్తానికి జరిగేది మొదటిదాని లాంటిది. సన్నని రక్తనాళాల గోడల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి ఊరి ఛాతీలోకి, పొట్టలోకి చేరుతుంది. ఎర్రకణాలు నాళాల్లోనే ఉండిపోతాయి. ఒక్క కణమూ కొత్తగా పుట్టకపోయినా రక్తంలో వాటి వాటా పెరుగుతుంది. ఆ వాటాయే హెమటోక్రిట్. ల్యాబ్ కాగితంలో 'పిసివి' అని ఉండేదీ అదే.

అదే సమయంలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి కనుక రక్తానికి గడ్డకట్టే శక్తే సన్నగిల్లుతుంది. 'గడ్డకట్టింది' అని చదివిన తల్లిదండ్రులు రక్తాన్ని పలచబరిచే ఆస్పిరిన్ మంచిదనుకుంటే ఎంత ప్రమాదం! ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ డెంగీలో వాడకూడనివి, రక్తస్రావాన్ని పెంచుతాయి. చిక్కబడిన రక్తానికి కావలసింది తగ్గిన ద్రవం. అది ఎంత, ఎలా ఇవ్వాలో డాక్టరే తేల్చాలి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. హెమటోక్రిట్‌ను కొలిచేదే శాతంలో. 36 ఉన్న పాపకు 44 అయిందనుకోండి. '44 శాతానికి పెరిగింది' అని రాయాలి. ఆ 'కి' జారిపోయి '44 శాతం పెరిగింది' అయితే లెక్క ఎక్కడికో పోతుంది. నిజంగా పెరిగింది 8. 36లో అది సుమారు 22 శాతం. '20 శాతమో అంతకు మించో పెరిగితే ప్లాస్మా కారుతున్నట్టు' అని వైద్యులు చెప్పే గుర్తు ఈ రెండో లెక్కలోది. అంటే 36 ఉన్న పాపకు 43 దాటితే చాలు, 56 దాకా పోనక్కర్లేదు.

'కణాలు పడిపోయాయి' అన్నది వాడుకలో స్థిరపడింది. మాటల్లో తప్పుపట్టను. రాసేటప్పుడు మాత్రం ఏ కణాలో చెప్పాలి. డెంగీలో సాధారణంగా ముందు తెల్లకణాలు తగ్గుతాయి, తర్వాత ప్లేట్‌లెట్లు. నిజానికి ప్లేట్‌లెట్ పూర్తి కణం కూడా కాదు, ఎముక మజ్జలోని ఓ పెద్ద కణం నుంచి తెగిపడిన తునక. పాఠ్యపుస్తకాల్లోని 'రక్తఫలకిక' ముచ్చటైన మాట. ఫలకమంటే పలక, ఫలకిక అంటే చిట్టి పలక. ఇంగ్లీషు పేరులో ఉన్నదీ ఆ అర్థమే. అయినా జనం నోట నిలిచింది ప్లేట్‌లెట్టే, దాన్నే రాయండి. '40 వేలకు పడిపోయాయి' అంటే ఒక్క ఘన మిల్లీమీటరు రక్తంలో అన్నమాట. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. కొన్ని ల్యాబులు లక్షల్లో ఇస్తాయి. అక్కడ 1.2 అంటే లక్షా 20 వేలు.

ప్లేట్‌లెట్లు వేగంగా పడుతూ, హెమటోక్రిట్ పెరుగుతూ ఉండటం హెచ్చరిక. ఆ రెంటినీ ఒకే వాక్యంలో చెప్పాలి. ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే శీర్షికకెక్కితే సగం సంగతి పోతుంది. ఇది ఎక్కువగా జ్వరం మొదలైన 3 నుంచి 7 రోజుల మధ్య, జ్వరం విడిచే వేళ బయటపడుతుంది. ఆ తర్వాతి 24 నుంచి 48 గంటలు గండం. అందుకే 'జ్వరం విడిచింది కాబట్టి కోలుకున్నట్టే' అని రాయకండి. ఆ 'కాబట్టి' ఉన్నచోట 'కానీ' ఉండాలి: జ్వరం విడిచింది, కానీ రక్తపరీక్ష మళ్ళీ చేయిస్తున్నారు.