బోర్డు మీది పొడుగు పేరు

చిరంజీవి అల్లుడికి, నల్లగొండ నుంచి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన టిఫిన్ సెంటర్ బోర్డు నమూనా చూసిన. పాత సినిమా పోస్టర్ల మీది తీరుగ నిలువుగ, ఇరుకుగ ఉండే అక్షరం కావాలనుకున్నవు, నాకు నచ్చింది. ‘శ్రీ లక్ష్మీనరసింహ’ అంత పేరు ఆ చిన్న షట్టర్ మీద పట్టాలంటే వేరే దారి లేదు. గానీ బిడ్డా, మామూలు ఫాంటును పట్టి రెండు పక్కల నుంచి నొక్కినవు. అది చెయ్యొద్దు.

‘సింహ’లో సున్నను పెద్దగ చేసి చూడు. పైగీత, కిందిగీత లావుగనే ఉన్నయి, పక్కగీతలు పలచబడ్డయి. రోడ్డు అవతలికి పోతే ఆ పక్కలు కండ్లకు ఆనవు. కుంచె పట్టినోళ్లం మేము గీత లావును ముట్టకపోదుము, అక్షరం లోపలి సందునే తగ్గిస్తుంటిమి. సున్న పక్కలు నిటారుగ దించి, పైన, కింద మాత్రమే గుండ్రం తిప్పాలె. నువ్వు కోరుకునే పాతకాలపు అందం అక్కణ్నుంచే వస్తది.

ఇప్పుడు నీకు అంత గీసుకునే పని లేదు. ఫాంట్లు చేసే ఏక్ టైప్ వాళ్ల ‘అనేక్ తెలుగు’ ఫాంటు తీసుకో, ఉచితమే. దాంట్ల వెడల్పు 75 నుంచి 125 దాకా, లావు 100 నుంచి 800 దాకా జరుపుకోవచ్చు. వెడల్పు 75 కాడ పెట్టు, అన్నిట్లకంటె ఇరుకు అదే. లావు మరీ పెంచకు, ‘క్ష’ లోపల సందులు పూడుకపోతయి. ‘రామభద్ర’ ఫాంటు బొద్దుగ ఉంటది, పొట్టి పేర్లకు దాచుకో. గోలకొండ పత్రిక పెట్టిన మన పాలమూరు పెద్దాయన ప్రతాపరెడ్డి గారి పేరున ‘సూరవరం’ ఫాంటు ఉంది, నాకెంతో అభిమానం. అయితే అది పత్రికల కోసం చేసింది, ఈ పనికి వద్దు.

ఇంకో మాట. నువ్వు ఇంగ్లీషు పోస్టర్లు చూసి వరుసలు ఆనించి పెడుతున్నవు. 1903 నాటి ఆల్టర్నేట్ గోథిక్ లాంటి ఇరుకు ఇంగ్లీషు ఫాంట్ల పెద్దక్షరాలకు మీద గుళ్లుండవు, కింద వత్తులుండవు, అందుకే వాళ్లకు చెల్లింది. మన ‘క్ష్మీ’ ఒక్కదానికే మీద గుడి దీర్ఘం, కింద ష వత్తు, పక్కన మ వత్తు. పేరుకూ ‘టిఫిన్ సెంటర్’కూ నడుమ అక్షరం ఎత్తుల సగమన్నా వదులు. ఇడ్లీ, దోశ, ధరలు మామూలు వెడల్పులనే పెట్టు. చిన్న సైజుల ఈ ఇరుకు రాత ఎవరూ చదవరు.

ఫ్లెక్సీ షాపుకు పంపేముందు అక్షరాలన్నీ కర్వ్స్ చెయ్యి, అంటే ఫాంటుతో పని లేకుండ ఉత్త గీతల బొమ్మగ మార్చు. యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లతోనే పని చేసే షాపుల యూనికోడ్ ఫైలు తెరిస్తే వత్తులు చెదిరిపోతయి. ముందు పేరొక్కటే అసలు సైజుల కాయితం మీద తీయించి షట్టర్‌కు అతికించు, రోడ్డు అవతల నిలబడి ఫోటో తీసి నాకు పంపు. అది చూసినంక రంగులు మాట్లాడుకుందాం.

మీ అమ్మను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
మీ మామ